బుగ్గన పెట్టుకున్న ముద్ద

మా వాడు అన్నం తినట్లేదని దాదాపు ఏడాది పాటు మా ఇంట్లో రోజూ గొడవే. తినడంటే నోరు తెరవడని కాదు. తెరుస్తాడు, ముద్ద పెట్టించుకుంటాడు, పెట్టించుకుని దాన్ని తీసుకెళ్ళి ఎడమ బుగ్గలో పెట్టుకుని కూర్చుంటాడు. నమలడు, మింగడు, అరగంటయినా అదే ముద్ద. చివరికి నేనే వేలు పెట్టి బయటికి తీసేదాన్ని. చందమామని చూపించాం, కథలు చెప్పాం, ఫోన్లో వీడియోలు పెట్టాం, ఓపిక నశించి రెండుసార్లు కొట్టాను కూడా. ఆకలి పుట్టడానికని డాక్టర్ దగ్గరికి తీసుకెళ్తే టానిక్ రాసిచ్చారు, అది తియ్యగా ఉంటుంది కాబట్టి అది మాత్రం చక్కగా తాగేవాడు. మా అత్తయ్య దిష్టి తీసింది. అప్పటికి వాడికి మూడేళ్ళ నాలుగు నెలలు.

ఒకరోజు రాత్రి ఏదో మాటకి పకపకా నవ్వుతూ నా ఒళ్ళో వెనక్కి వాలాడు, నోరంతా తెరిచి. ట్యూబ్‌లైట్ వెలుగు సరిగ్గా నోట్లో పడింది. పై వరసలో ముందు పళ్ళు నాలుగూ వెనకవైపు గోధుమరంగులో తినేసినట్టున్నాయి. కుడివైపు దవడ పళ్ళు రెండిట్లో గుంటలు, ఒక గుంటలో మధ్యాహ్నం తిన్న పప్పన్నం మెతుకు ఇంకా అలాగే ఉంది. అటు నమిలితే నొప్పి, ఎడమవైపు కూడా అప్పుడే మొదలైంది, అందుకని ముద్దని అక్కడ పెట్టుకుని అది నాని మెత్తబడేదాకా కూర్చునేవాడన్నమాట. పన్ను నొప్పి అని చెప్పొచ్చు కదా అని చాలామంది అడిగారు తర్వాత. మూడేళ్ళ పిల్లాడు ఎలా చెప్తాడండీ, నొప్పి మెల్లమెల్లగా వచ్చింది, నొప్పి లేని నోరు ఎలా ఉంటుందో వాడికి గుర్తుంటే కదా చెప్పడానికి. అన్నం తినడమంటే ఇంతే కాబోలు అనుకుని ఉంటాడు. నేను కొట్టింది అలాంటి పిల్లాణ్ణి. ఇది రాస్తుంటే ఇప్పటికీ చెయ్యి ఆడట్లేదు.

పిల్లల పళ్ళ డాక్టర్ దగ్గరికి వెళ్తే లెక్కపెట్టి పుచ్చినవి ఎనిమిది అన్నారు. వాడి నోట్లో ఉన్నవి మొత్తం ఇరవై. కుడివైపు రెండు దవడ పళ్ళకి పుచ్చు నరం దాకా వెళ్ళిపోయింది, వాటికి పాలపళ్ళకి చేసే రూట్ కెనాల్ చేసి మీద స్టీల్ క్యాపులు వేశారు. ముందు నాలుగూ ఫిల్లింగ్. ఎడమవైపు రెండిటికీ గుంట చిన్నదే కాబట్టి డ్రిల్లింగ్ లేకుండా సిల్వర్ డయమైన్ ఫ్లోరైడ్ అనే మందు పూశారు, అది పూస్తే పుచ్చు అక్కడితో ఆగుతుంది, కానీ పుచ్చిన చోట నల్లగా మారుతుంది. బాగు చేయమంటే నలుపు చేశారేంటని అత్తయ్య రెండ్రోజులు బాధపడింది. అయిదు సిట్టింగులు, నెలన్నర, 32 వేలు. డబ్బు సంగతి వదిలేయండి, ఆ కుర్చీలో వాడు నా చెయ్యి పట్టుకున్న పట్టు నాకింకా గుర్తుంది.

మొదటి రోజే డాక్టర్ గారు మూడు ప్రశ్నలు అడిగారు. రాత్రి పడుకునే ముందు నోట్లోకి ఆఖరుగా వెళ్ళేది ఏంటి? పళ్ళు ఎవరు తోముతారు? ఏ పేస్టు?

పాలసీసా, రెండు చెంచాల పంచదారతో, సీసా నోట్లో ఉండగానే నిద్రపోతాడు. పళ్ళు వాడే తోముకుంటాడు, పొద్దున పూట, అద్దం ముందు స్టూలెక్కి, అది చూసి మేం మురిసిపోయి వీడియోలు తీసేవాళ్ళం. పేస్టు, ఫ్లోరైడ్ లేనిది. ఇది చెప్పేటప్పుడు నా గొంతులో కాస్త గర్వం కూడా ఉంది, ఎందుకంటే ఆ పేస్టు నేను ఏరికోరి కొన్నది.

ఎందుకో చెప్పాలంటే మా ఊరి సంగతి చెప్పాలి. మాది కనిగిరి పక్కన పల్లెటూరు. తాగే నీళ్ళల్లో ఫ్లోరైడ్ ఎక్కువై పళ్ళు, ఎముకలు పాడయ్యే ఫ్లోరోసిస్ జబ్బుని మన దేశంలో మొట్టమొదట గుర్తించి రాసింది మా ప్రాంతం గురించే, 1937లో, అప్పుడు మాది మద్రాసు ప్రెసిడెన్సీలో నెల్లూరు జిల్లా. మా తాతకి అరవై రాకముందే నడుం బిగుసుకుపోయింది, మెడ తిరగదు, వెనక నుంచి ఎవరైనా పిలిస్తే మనిషి మొత్తం తిరిగి చూసేవాడు. మా ఊళ్ళో నా ఈడు వాళ్ళెవరి పళ్ళు చూసినా గార, పసుపు చారలు, మచ్చలు, నాకూ ఉన్నాయి, నా పెళ్ళి ఫోటోల్లో ఒక్కదాంట్లో కూడా పళ్ళు కనపడేలా నవ్వలేదు నేను. అలాంటి చోట పెరిగిన మనిషి హైదరాబాద్ వచ్చి, ఇంట్లో ఆర్వో పెట్టించుకుని, బిడ్డ పుట్టాక సూపర్ మార్కెట్లో పేస్టు డబ్బా మీద ‘ఫ్లోరైడ్ లేదు’ అని పెద్ద అక్షరాలు కనపడితే ఏం చేస్తుంది? దేవుడికి దణ్ణం పెట్టుకుని కొంటుంది. నేనూ అదే చేశాను.

డాక్టర్ గారు కసురుకోలేదు. కాగితం తీసుకుని లెక్క వేసి చూపించారు, ఆ లెక్క అప్పట్నుంచి నేను కనపడ్డ ప్రతి అమ్మకీ చెప్తున్నాను కాబట్టి ఇక్కడా చెప్తాను. 1000 పీపీఎం పేస్టు అంటే గ్రాముకి ఒక మిల్లీగ్రాము ఫ్లోరైడ్. మూడేళ్ళ లోపు పిల్లలకి వాడాల్సింది బియ్యపు గింజంత, అది సుమారు గ్రాములో పదో వంతు. అంటే పిల్లాడు ఉమ్మకుండా మొత్తం మింగేసినా లోపలికి వెళ్ళేది 0.1 మిల్లీగ్రాము. ఇప్పుడు లీటరుకి 4 మిల్లీగ్రాముల ఫ్లోరైడ్ ఉన్న బోరు నీళ్ళు ఒక గ్లాసు, 200 మిల్లీలీటర్లు తాగాడనుకోండి, 0.8. నాలుగు రోజులు రెండు పూటలా తోమి తోమిన ప్రతిసారీ మింగేసినా ఆ ఒక్క గ్లాసుతో సమానం, మా తాత అలాంటి నీళ్ళు రోజంతా పొలంలో చెంబులకి చెంబులు తాగాడు, అదే నీళ్ళతో వండిన అన్నం తిన్నాడు, యాభై అరవై ఏళ్ళు. తాగే నీళ్ళల్లో లీటరుకి 1.5 దాటకూడదని హద్దు పెట్టింది అందుకే.

నీళ్ళు మింగుతాం, పేస్టు ఉమ్మేస్తాం. ఈ రెండిటికీ ఉన్న తేడా నాకు ముప్పై రెండేళ్ళు వచ్చేదాకా ఎవరూ చెప్పలేదు. పళ్ళ మీద గార పడేది, పైకి రాని పళ్ళు దవడ లోపల తయారయ్యే వయసులో, అంటే ఎనిమిదేళ్ళ దాకా అనుకోండి, ఫ్లోరైడ్ ఎక్కువగా కడుపులోకి వెళ్తే. పేస్టులోది పనిచేసేది పన్ను పైపైన, యాసిడ్ వల్ల పన్ను లోంచి కరిగిపోయిన ఖనిజాల్ని మళ్ళీ పన్నులోకి చేరేలా చేస్తుంది. ఆర్వో ఫిల్టరేమో నీళ్ళల్లో ఉన్న కాస్త ఫ్లోరైడ్‌ని కూడా చాలావరకు తీసేస్తుంది. అంటే నేను మా వాడికి నీళ్ళల్లోనూ లేకుండా చేశాను, పేస్టులోనూ లేకుండా చేశాను, రాత్రంతా పంచదార పాలు మాత్రం నోట్లో ఉంచాను. ఫ్లోరైడ్ టూత్‌పేస్టుని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021లో అత్యావశ్యక మందుల జాబితాలో చేర్చింది, నేను దాన్ని విషం అనుకున్నాను.

ఒక్క జాగ్రత్త మాత్రం చెప్పాలి. ఇప్పటికీ ఫ్లోరైడ్ బోరు నీళ్ళే తాగుతున్న ఊళ్ళల్లో పిల్లలుంటే ముందు మార్చాల్సింది నీళ్ళు, పేస్టు సంగతి డాక్టర్‌ని అడిగి తేల్చుకోండి. నేను మాట్లాడేది ఆర్వో నీళ్ళు, క్యాన్ నీళ్ళు, కృష్ణా గోదావరి నీళ్ళు తాగే ఇళ్ళ గురించి. మన కనిగిరి, నల్గొండ వైపుల నుంచి ఊరు మారిన కుటుంబాల్లో ఈ భయం ఎంత లోతుగా ఉందో నాకు తెలుసు, ఆ భయానికి కారణం నిజం, కానీ భయాన్ని మాత్రం మనతోపాటు బస్సెక్కించుకుని వచ్చేశాం, నీళ్ళు వేరే అయ్యాక కూడా. ట్యూబ్ వెనక పీపీఎం ఎంతో రాసి ఉంటుంది, చూసి కొనండి. బొమ్మలేసి పిల్లల పేస్టని అమ్మేవాటిల్లో కొన్నిట్లో అసలు ఫ్లోరైడ్ ఉండదు, కొన్నిట్లో సగమే ఉంటుంది.

ఇంక చాక్లెట్ల విషయం. మా వాడి పళ్ళు పుచ్చాయనగానే చుట్టాలందరి నోటా ఒకటే మాట, చాక్లెట్లు ఎక్కువ పెట్టుంటారు. మా ఇంట్లో చాక్లెట్ పుట్టినరోజుకి తప్ప ఉండదు! ఈ చాక్లెట్ అనే మాట వల్ల అసలు సంగతి ఎవరికీ కనపడకుండా పోతోంది. నోట్లో బ్యాక్టీరియా ఉంటుంది, దానికి పంచదార అందగానే యాసిడ్ తయారుచేస్తుంది, కొన్ని నిమిషాల్లోనే పన్ను మీద పీహెచ్ (యాసిడ్ కొలత, ఎంత తగ్గితే అంత యాసిడ్ ఉన్నట్టు) 5.5 కంటే కిందకి పడిపోతుంది, అక్కడ పన్ను కరగడం మొదలు. మళ్ళీ మామూలు స్థితికి రావడానికి లాలాజలానికి అరగంట నుంచి గంట పడుతుంది. ఎంత తిన్నాం అనేదాని కంటే ఎన్నిసార్లు తిన్నాం, ఎంతసేపు నోట్లో ఉంది అనేది ముఖ్యం. స్వీడన్‌లో విపెహోల్మ్ అనే చోట 1940ల్లో మానసిక వికలాంగుల ఆశ్రమంలో ఉన్నవాళ్ళకి టాఫీలు తినిపించి మరీ ఈ విషయం తేల్చారు. పాపం వాళ్ళని ఎవరూ అడగలేదు, వాళ్ళ పళ్ళు పాడుచేసి సంపాదించిన జ్ఞానం ఇది, తలుచుకుంటే కష్టంగా ఉంటుంది. భోజనంతో పాటు తీపి తిన్నవాళ్ళకి పెద్దగా ఏం కాలేదు, మధ్యమధ్యలో అంటుకునే టాఫీలు తిన్నవాళ్ళ పళ్ళు పుచ్చిపోయాయి.

ఇప్పుడు మా వాడి రోజు చూడండి. ఆరున్నరకి పాలు. తొమ్మిదికి ఇడ్లీ. పదింటికి పాలల్లో ముంచిన బిస్కెట్. పదకొండుకి పక్కింటి ఆంటీ పెట్టిన ఇంకో బిస్కెట్. ఒంటిగంటకి బుగ్గలో అన్నం. మూడింటికి టానిక్. నాలుగింటికి బెల్లం వేసిన రాగిజావ, ఆరోగ్యానికి మంచిదని. మధ్యలో దగ్గు ఉంటే సిరప్, అందులోనూ పంచదారే. ఏడింటికి పేలాలో చిప్సో, పిండి పదార్థం కూడా పళ్ళ సందుల్లో ఇరుక్కుంటే అంతే. తొమ్మిదిన్నరకి సీసా. ఇందులో చాక్లెట్ ఎక్కడుంది? ఒక యాసిడ్ దాడి తగ్గేలోపు ఇంకోటి. రాత్రి మరీ ఘోరం, నిద్రలో లాలాజలం ఊరడం బాగా తగ్గిపోతుంది, పాలు పై ముందు పళ్ళ చుట్టూ నిలిచిపోతాయి, కింది పళ్ళని నాలుక కొంత కప్పి కాపాడుతుంది. అందుకే సీసా పిల్లలకి పై ముందు పళ్ళు పోయి కింద ముందు పళ్ళు బాగుంటాయి. మా వాడికి అచ్చం అలాగే.

తల్లిపాల గురించి అడుగుతారు కాబట్టి చెప్తున్నా, పాలు మాన్పించమని నేను అనట్లేదు, దయచేసి అలా అనుకోవద్దు. రెండేళ్ళు, ఆ పైన కూడా ఇవ్వొచ్చు. పళ్ళొచ్చాక, ఏడాది దాటాక, రాత్రంతా రొమ్ము నోట్లో ఉంచుకుని పడుకునే అలవాటుంటే మాత్రం పళ్ళు తోమడం ఇంకా గట్టిగా పట్టించుకోవాలి, అంతే.

ఇక నాకు అన్నిటికంటే ఎక్కువ కోపం తెప్పించే మాట, ‘పాలపళ్ళే కదా, ఎలాగూ ఊడిపోయేవే.’ మా అమ్మ అంది, అత్తయ్య అంది, మా ఆఫీసులో చదువుకున్నవాళ్ళు కూడా అన్నారు. అసలు ఎప్పుడు ఊడతాయో తెలుసా? ముందువి ఆరేడేళ్ళకి. దవడ పళ్ళు పది, పన్నెండేళ్ళ దాకా ఉండాలి. మా వాడికి మూడేళ్ళు. ఇంకో ఏడెనిమిదేళ్ళు నొప్పితో నమలమంటారా? పాలపన్ను మీద ఎనామిల్ పెద్ద పన్ను మీదున్న దాంట్లో సుమారు సగం మందమే, అందుకే పుచ్చు నెలల్లోనే నరం దాకా దిగిపోతుంది. కింద చీము పడితే ఆ కింద తయారవుతున్న పెద్ద పన్ను కూడా మచ్చలతో, సరిగ్గా ఏర్పడకుండా రావచ్చు. ముందుగానే పీకేస్తే పక్క పళ్ళు జరిగి ఆ ఖాళీ మూసుకుపోతుంది, రావాల్సిన పన్ను ఎక్కడ దారి దొరికితే అక్కడ వంకరగా వస్తుంది, అప్పుడు క్లిప్పులకి లక్ష పెట్టడానికి మాత్రం ఎవరూ వెనకాడరు. ఇంకో సంగతి చాలామందికి తెలియదు, ఆరేళ్ళప్పుడు చిట్టచివర ఏ పన్నూ ఊడకుండానే కొత్తగా ఒక దవడ పన్ను వస్తుంది, అది పాలపన్ను కాదు, జీవితాంతం ఉండాల్సిన పన్ను. అదీ ఊడిపోయేదే అనుకుని వదిలేస్తారు. పన్ను ఊడితే ఇంటి కప్పు మీదకి విసిరే సంబరం మనకుంది, ఆ రోజు దాకా అది నోట్లో నొప్పి లేకుండా ఉండాలనే ధ్యాస కూడా ఉంటే బాగుండేది.

ఇది మా ఒక్క ఇంటి గోల కాదు. 2002-03లో చేసిన జాతీయ నోటి ఆరోగ్య సర్వేలో అయిదేళ్ళ పిల్లల్లో సగం మందికి పైగా పుచ్చు పళ్ళున్నాయని తేలింది. సగం మంది! సగం మంది పిల్లలకి ఇంకే జబ్బైనా ఉంటే ఊరుకుంటామా? మా వాడికి ఏడాదిన్నర వరకు టీకాలన్నీ టైంకి వేయించాను, ప్రతిసారీ బరువు చూశారు, ఎత్తు చూశారు, తల చుట్టుకొలత కూడా చూశారు, పై పెదవి ఒక్కసారి పైకెత్తి చూసినవాళ్ళు లేరు. ఎత్తి చూస్తే తెలిసేది. పుచ్చు మొదట నల్లగా రాదు, చిగురు అంచున సున్నం గీత గీసినట్టు తెల్లగా వస్తుంది, ఆ దశలో పేస్టుతో, పాలసీసా మాన్పించడంతో వెనక్కి మళ్ళించొచ్చు, డ్రిల్లూ అక్కర్లేదు, క్యాపూ అక్కర్లేదు. మొదటి పుట్టినరోజు లోపు ఒకసారి పళ్ళ డాక్టర్‌కి చూపించమని చెప్పేది అందుకే. మనం చూపించేది బుగ్గ వాచాక.

ఇప్పుడు మా ఇంట్లో ఏం చేస్తున్నామో చెప్తాను. సీసాలో పాలకి రోజురోజుకీ కొంచెం కొంచెం నీళ్ళు కలుపుతూ రెండు వారాల్లో ఒట్టి నీళ్ళకి తెచ్చాం, ఆ తర్వాత వాడే విసిరికొట్టాడు. పాలు రాత్రి భోజనంతో పాటే, గ్లాసులో, పంచదార లేకుండా. పడుకునే ముందు నేనో, మా ఆయనో తోముతాం. మూడేళ్ళు దాటాడు కాబట్టి బఠాణీ గింజంత పేస్టు. వాడి తల నా ఒళ్ళో పెట్టుకుని వెనక నుంచి, ఎడం చేత్తో పెదవి ఎత్తి, దవడ పళ్ళ దగ్గర మొదలుపెట్టి. నిలబెట్టి ఎదురుగా తోమితే ఏం కనపడదు. మొదటి నెల రోజూ ఏడుపే, పక్క ఫ్లాట్ వాళ్ళు ఏమైందని తలుపు కొట్టారు కూడా. ఉమ్మిస్తాం, నీళ్ళు పోసి పుక్కిలించనివ్వం, పేస్టు కాసేపు పళ్ళ మీద ఉండాలి. ఏడెనిమిదేళ్ళు వచ్చేదాకా మేమే తోమాలట, చొక్కా గుండీలు సరిగ్గా పెట్టుకోలేని చెయ్యి దవడ పళ్ళు ఎలా తోముతుంది? తిండి అయిదుసార్లు, మధ్యలో ఆకలంటే మంచినీళ్ళు, జామకాయ ముక్క, వేయించిన పల్లీలు దంచి పెట్టడం. ఇంకోటి, వాడి చెంచా మేం నోట్లో పెట్టుకుని చల్లారిందా లేదా చూడడం మానేశాం. పళ్ళు పుచ్చగొట్టే బ్యాక్టీరియా పిల్లలకి ఎక్కువగా తల్లి లాలాజలం నుంచే అంటుకుంటుంది, దేవుడి ప్రసాదం దగ్గర ఎంగిలి పట్టింపు అంత ఉన్న మనం పసిపిల్లల దగ్గర మాత్రం ప్రేమ కొద్దీ వదిలేస్తాం. నా నోట్లో పుచ్చిన పళ్ళు మూడు, అవి కూడా అప్పుడే బాగుచేయించుకున్నాను. గర్భంతో ఉన్నప్పుడే చేయించుకోవాల్సింది.

అన్నట్టు, అన్నం గొడవ రెండో క్యాపు వేసిన పది రోజులకి పోయింది. టానిక్ లేదు, దిష్టి లేదు.

అయితే ఇదంతా ఇంట్లో ఒళ్ళో తల పెట్టుకుని తోమే తీరిక ఉన్నవాళ్ళ సంగతి. పొద్దున అయిదింటికి కూలికి వెళ్ళే తల్లిని నువ్వు రాత్రి రెండు నిమిషాలు తోమమ్మా అని తప్పు పట్టడం నాకు ఇష్టం లేదు. అంగన్‌వాడీలు తెలంగాణలో 35 వేల పైచిలుకు, ఆంధ్రలో 55 వేల పైచిలుకు ఉన్నాయి, మూడు నుంచి ఆరేళ్ళ పిల్లలు రోజూ అక్కడికి వస్తారు, గుడ్డు తింటారు, అన్నం తింటారు. తిన్నాక అక్కడే పళ్ళు ఎందుకు తోమించకూడదు? పిల్లలకి ఆరోగ్య పరీక్షలు చేయడానికి 2013 నుంచి ఉన్న ప్రభుత్వ పథకం రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమంలో చూడాల్సిన సమస్యల జాబితాలో పుచ్చు పళ్ళు కూడా ఉన్నాయి, మంచిదే, కానీ అది వచ్చిన జబ్బుని పట్టుకోవడానికి. రాకుండా చేసేది రోజూ బ్రష్షే. స్కాట్లండ్‌లో చైల్డ్‌స్మైల్ పేరుతో నర్సరీల్లో టీచర్ల ముందే రోజూ పళ్ళు తోమిస్తున్నారు, ఎనిమిదేళ్ళలో అయిదేళ్ళ పిల్లల పళ్ళ వైద్యానికయ్యే ఖర్చు అక్కడ సగానికి పైగా తగ్గిపోయింది.

సంక్రాంతికి తెనాలి దగ్గర మా అత్తగారి ఊరు వెళ్ళినప్పుడు అక్కడి అంగన్‌వాడీ టీచర్‌తో ఈ మాటే అన్నాను. ఆవిడ విసుక్కోకుండా విని, ‘కుళాయి ఒక్కటేనమ్మా, ఇరవై మంది పిల్లలు, ఆయమ్మ ఒక్కతే వంట చూసుకోవాలా వీళ్ళ మూతులు కడగాలా’ అంది. న్యాయమైన ప్రశ్నే. కుళాయి అక్కర్లేదండీ, కూర్చున్నచోటే తోమించి కాగితంలో ఉమ్మిస్తే చాలు, పుక్కిలించకూడదు కూడా అని చెప్పాను. బఠాణీ గింజంత పేస్టు అంటే పావు గ్రాము, ఇరవై మందికి రోజుకి అయిదు గ్రాములు, వంద గ్రాముల ట్యూబ్ ఇరవై రోజులు వస్తుంది. బ్రష్షులు మూడు నెలలకోసారి మార్చాలి. ఈ లెక్కంతా కాగితం మీద రాసిస్తే ఆవిడ దాన్ని మడిచి రిజిస్టర్లో పెట్టుకుంది. బ్రష్షులు ఒకదానికొకటి తగలకుండా మా మామయ్య ఒక చెక్కకి ఇరవై బెజ్జాలు కొట్టిచ్చాడు. పిల్లలకి ఇంకా చదవడం రాదు కదా, పేర్లు రాస్తే ఎవరి బ్రష్షు ఎవరిదో తెలియదని టీచరే ఒక్కో బెజ్జం కింద ఒక్కో బొమ్మ అంటించింది, చిలక, కుండ, గొడుగు, మామిడికాయ.

అన్నం తిన్నాక పావుగంటలో అయిపోతుందట. మొదట్లో పేస్టు తినేసేవాళ్ళు ఇద్దరు ముగ్గురు ఉండేవాళ్ళు, ఇప్పుడు మానేశారంది. నెలకోసారి పెదవులెత్తి చూసి తెల్ల గీత ఎవరికి కనపడిందో రాసుకుంటోంది, మొదటి నెల ఏడుగురు. శుక్రవారం మళ్ళీ ఫోన్ చేసింది, ట్యూబులు అయిపోయాయట, ఇంకో రెండు పంపమంది.